నిమిషాల బాకీ

మా జిల్లాలో బడులు నాలుగే.
బంగాళాదుంప పొలాలకు మాత్రం లెక్కలేదు.
మెయిన్ రాష్ట్రపు ఈ ఉత్తరపు కొసన
ఫిబ్రవరిలో ఆటస్థలమేదో పొలమేదో
మంచు తీసేవాడికే తెలియాలి.

నా బల్లమీద నూట ముప్ఫై ఏడు ఫైళ్లు.
ఒక్కో ఫైల్లో ఒక పిల్ల, ఆ పిల్లకు ఇన్నని నిమిషాలు:
మాటకు వారానికి అరవై,
వేళ్లకు ముప్ఫై,
నడకకు నలభై ఐదు.
చట్టం రాయించుకున్న ప్రామిసరీ నోట్లు ఇవన్నీ.
కింద సంతకం నాది.

గురువారం మెరెడిత్ రాజీనామా ఇచ్చింది.
మాట నేర్పే మనిషి మాకు ఆమె ఒక్కతే.
"బడికీ బడికీ మధ్య కారులోనే
శాండ్‌విచ్ తింటూ ఆరేళ్లు గడిపాను, లోర్నా" అంది.
తప్పు పట్టడానికి నోరు రాలేదు.
కౌగిలించుకున్నాను. తలుపు వేసుకున్నాను.
క్యాలిక్యులేటర్ తీశాను.

నలభై ఒక్క మంది, తలకు అరవై.
మరో మనిషి దొరికేదాకా వారం వారం
రెండువేల నాలుగువందల అరవై నిమిషాలు అప్పు పడతాను.
ఈ అప్పుకు వడ్డీ డాలర్లలో ఉండదు.
ఐదేళ్లవాడికి ఆరు నిండిపోవడమే వడ్డీ.

సోమవారం రాత్రి బోర్డు సమావేశం.
బడ్జెట్ కాగితం మీద వేలు పెట్టి హార్లన్ అడిగాడు,
"ఒక్క పిల్లాడికి ఇంతా?"
పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.
లిఫ్టు ఉన్న బస్సు ఊరికంతటికీ ఒక్కటే,
అది ఏ ఇంటి ముందు ఆగుతుందో కుక్కలకు కూడా తెలుసు.
మూడో వరసలో ఒడీల్ చేతి తొడుగులు విప్పింది,
మళ్లీ తొడుక్కుంది.
చట్టం ఒప్పుకోదని నేనన్నాను.
తప్పని నేనంటే బాగుండేదని
ఇంటికెళ్లే దారిలో తట్టింది.

బుధవారం ఆ పిల్లాడి ప్రణాళిక సమావేశం.
ఏడుగురు పెద్దలం, పిల్లల కుర్చీల్లో, మోకాళ్లు గడ్డాలకు తగులుతూ.
లక్ష్యం చదివాను:
"రేమీ తోటివారిని ఐదింట నాలుగుసార్లు పలకరించును."
ఒడీల్ ఫక్కున నవ్వింది.
"వాళ్ల నాన్న ఐదింట ఒకసారి పలకరిస్తే మా ఇంట్లో కేకు కోస్తాం."
అందరం నవ్వాం. హీటర్ కూడా ఏదో గొణిగింది.
నవ్వులు సద్దుమణిగాక
బల్ల అంచును గోటితో గీకుతూ అంది:
"అది కొట్టెయ్యండి.
వాడికి వద్దు అనడం నేర్పండి.
అన్నం వద్దనీ, చెయ్యి పట్టుకోవద్దనీ, ఇక చాలనీ.
వాడి ఒంటిని అందరూ వాడికోసమే లాగుతారు.
వాడు వద్దన్నాడో లేదో
ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు."

కొట్టేశాను.
కొత్త లక్ష్యం, ఒక్క మాట: వద్దు.
నిమిషాలు: అరవై.
ఎవరిస్తారు అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.
పదకొండేళ్ల కిందట నేనూ మాటలు నేర్పినదాన్నే.
లైసెన్సు ఎందుకు పునరుద్ధరిస్తున్నావని మా చెల్లి అడిగినప్పుడల్లా
మాట మార్చేదాన్ని.
గడిలో నా పేరు రాశాను.
ఒకరికి. మిగతా నలభై మందికీ ఖాళీ గడే.

మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర.
వాడి ఒళ్లో తెరపలక, దానిమీద ఎర్రబొత్తాం.
నొక్కితే వచ్చే గొంతు ఎవరిదో పెద్దావిడది,
మా వైపు యాస కాదు.
వాడికి ఇష్టంలేని బంకమన్ను చూపించాను. ఊరుకున్నాడు.
చలిగాలి వచ్చేలా కిటికీ తీశాను. ఊరుకున్నాడు.
పాట పాడాను. ఊరుకున్నాడు, కాస్త కష్టంగా.
మళ్లీ బంకమన్ను తీస్తుంటే
మణికట్టు మెల్లగా జరిగింది.
"వద్దు" అంది పెద్దావిడ.
నా వైపే చూస్తున్నాడు,
ఇప్పుడేం చేస్తావని.

ఇరవై రెండో నిమిషం.

డబ్బా మూత పెట్టాను. కోటు వేసుకున్నాను.
లెక్కపుస్తకంలో రాశాను:
ఇచ్చినవి ఇరవై రెండు,
బాకీ ముప్ఫై ఎనిమిది.
కారణం అన్న చోట
వాడన్నదే రాశాను.